మా ఇంటిది ఎంచిన సెంటు

సెంటు అంటే నాకు పిచ్చి. ఆ సంగతి ముందే చెప్పీసి మొదలెడతాను. కొందరికి పేకాట, కొందరికి గాలం వేసుకుని చెరువు గట్టున కూచోడం, నాకు మగాళ్లు పూసుకునే కొలోన్లు. నిమ్మతొక్క గిల్లినట్టుండేవి, లవెండరువి, వట్టివేరువి, గంధంలో కాస్త తోలు వాసన కలిసినవి, మా చిన్నప్పుడు మంగలి దాదా, మా ఊళ్లో అన్నని దాదా అంటారు లెండి, గడ్డం గీసి రెండు చెంపల మీదా ఛట్ ఛట్‌మని కొట్టే ఆ పచ్చనీళ్ల లాంటివి. ఇప్పుడొస్తున్న కొత్తరకాలు, చాక్లెట్టు వాసనా బబుల్‌గమ్ము వాసనా కొట్టేవి, నా దరిదాపులకి తేవద్దు. ఒళ్లు మండిపోద్ది నాకు. మగాడు పక్కనుంచి వెళ్తే మగాడు వెళ్లినట్టుండాలి గానీ మిఠాయి కొట్టు నడిచెళ్లినట్టుంటే ఏం బాగుంటుంది చెప్పండి!

ఇంత పిచ్చి ఉన్న నాకు ముక్కు పనిచేసేది కాదు. నవ్వకండి, నిజం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీలకి రంగులు కొట్టే పెయింటర్ని నేను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కలాసీ కూలీగా వచ్చి ఇక్కడే ఉండిపోయినాడు, మా నాన్న ఇక్కడే పనిచేసినాడు, నేనూ అదే సైరను విని అదే గేట్లోంచి సైకిలు తోసుకుంటూ లోపలికెళ్లినాను. రంగు, థిన్నరు, మళ్లీ రంగు. మూతికి కట్టుకోమని మాస్కులు ఇచ్చేవారు గానీ మే నెల ఉక్కలో ఎవడు కట్టుకుంటాడు? మెడలో తాయెత్తుల్లాగ వేలాడేవి. ఏళ్లు గడిచేసరికి ముక్కు మొద్దుబారిపోయింది. బాగా ఘాటైనదైతే లీలగా తెలిసేది, అంతే. చారులో ఇంగువ పడిందో లేదో నేను కళ్లతో వెతుక్కోవలసిందే.

మరి సెంటు పిచ్చి ఎలా పట్టిందంటారా? విశ్వకర్మ పూజ వల్ల పట్టింది. ఏడాదంతా గ్రీజులోనూ రంగులోనూ మునిగే మనుషులు ఆ ఒక్కరోజు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, పెళ్లాంపిల్లల్ని వెంటబెట్టుకుని వర్క్‌షాపు లోపలికెళ్తారు. లేతు మిషన్లకి బంతిపూల దండలు, క్రేన్లకి బొట్లు, ఆకాశం నిండా గాలిపటాలు. ఇంట్లోవాళ్లకి మనం పనిచేసే చోటు చూపించుకునే రోజు మరి, సెంటు పూసుకోకుండా ఎలా వెళ్తాం! మా నాన్న కూడా ఆ రోజు చెవి వెనకాల సెంటులో ముంచిన దూదిపింజ పెట్టుకునేవాడు. నా ముక్కు బాగున్న రోజుల్లో పీల్చిన ఆ దూది వాసన నాకు మనసులో అలాగే ఉండిపోయింది.

పెళ్లయిన కొత్తలో మొదటి విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఇంటిది నాకు మేనమామ కూతురే, ఇదే ఊళ్లో పుట్టి పెరిగింది. చిన్నప్పట్నుంచీ పిలిచినట్టే పెళ్లయ్యాకా ‘బావా’ అనే పిలుస్తుంది. దాన్ని తీసుకెళ్లి షాపంతా చూపించాలని నాకు ఒకటే సంబరం. ముందురోజు డ్యూటీ దిగి తిన్నగా గోల్‌బజార్లో సెంట్లమ్మే దాదా దగ్గరకెళ్లినాను. ఆయన ఒక సీసా మూత తీసినాడు. ఏమీ తెలీలేదు. ఇంకోటి తీసినాడు. అబ్బే. “దాదా, ఇంతకన్నా గట్టిది లేదా?” అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, వెనక అరలోంచి చిన్న బుడ్డి ఒకటి తీసినాడు. అది నాకు తెలిసింది! హమ్మయ్య, ఇదీ సెంటంటే, అనుకుని కొనీసినాను. పొద్దున్నే మెడకీ, చంకలకీ, చొక్కా కాలరుకీ, రుమాలుకీ, వెళ్లేముందు ఇంకోసారి మెడకీ.

దారంతా మా ఇంటిది సైకిలు వెనక కూచుని ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త పెళ్లికూతురు, సిగ్గనుకున్నాను. పెయింట్ షాపులో, అంటే మేం రంగులు కొట్టే షెడ్డులో, పూజ మొదలైంది. పూజారి మంత్రం మధ్యలో తుమ్మినాడు. మళ్లీ మొదలెట్టినాడు, మళ్లీ తుమ్మినాడు. వెల్డింగ్ షాపు వాళ్లు ఒక్కొక్కరూ వెనక్కి జరగడం మొదలెట్టినారు. ఒకాయన గట్టిగా, “ఆగయా భాయ్, పెయింట్ షాప్ ఆగయా! వచ్చీసిందిరోయ్!” అని అరిస్తే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వినారు. సంగతేటంటే, మా షాపులో ఉన్న వాళ్లందరివీ నాలాంటి ముక్కులే కదా! ప్రతివాడూ బజారుకెళ్లి ‘ఇంకా గట్టిది’ అనే అడిగినాడు, ప్రతివాడూ అలాంటి బుడ్డే తెచ్చుకున్నాడు, ప్రతివాడూ ఒళ్లంతా పోసుకున్నాడు. మాలో మాకు ఎవడికీ తేడా తెలీదు. బయటి షాపుల వాళ్లకి మాత్రం ఏటేటా ఇదో వేడుకట. కళ్లు మూసుకుని కూడా పెయింటర్లు ఎక్కడున్నారో చెప్పీసేవారట!

ఇంటికొచ్చాక మా ఇంటిది నన్ను పెరట్లో నూతిగట్టు మీద కూచోబెట్టి సున్నిపిండితో తోముడే తోముడు. తోలు ఊడిపోతుందేమో అనుకున్నాను. తోమడం అయ్యాక అన్న మాట ఇది: “బావా, రంగులు నీకొగ్గీసినాను. వాసనలు నాకొగ్గీ. ఇంకెప్పుడూ నువ్వొక్కడివీ కొనకు.”

సరే అన్నాను. అన్నాక ఉద్యోగమున్నన్నాళ్లూ ఒక్క సీసా కూడా నేను ఎంచలేదు. ఎంచడం దాని పని, పూసుకోడం నా పని.

అది ఎంచే పద్ధతి చూడాలి మీరు! పూజల సీజనుకి ముందు ఒక ఆదివారం పొద్దున్నే గోల్‌బజారుకి బయల్దేరేవాళ్లం. పొద్దున్నే ఎందుకంటే, ఎండెక్కితే చేపల వరస నుంచి గాలి ఇటు కొడుతుంది, ముక్కు పాడైపోతుందని దాని లెక్క. ఇంట్లోంచి వెళ్లేముందు తలకి నూనె రాయదు, పువ్వు పెట్టదు, కిళ్లీ నమలదు. నన్ను కూడా వట్టి నీళ్లతో స్నానం చేయించి, ఉతికిన బనీను వేయించి తీసుకెళ్లేది. కొట్లో దాదా కాగితం ముక్క మీద సెంటు కొట్టి ఇవ్వబోతే, “కాయితానికి కాదు దాదా, మడిసికి,” అనేది. నా ఎడమ చేతి మణికట్టు మీద ఒకటి, కుడి చేతి మీద ఒకటి, ఇంతే. అంతకన్నా ఎక్కువ కొట్టనిచ్చేది కాదు. కొట్టగానే వాసన చూసేది కూడా కాదు.

“ఇప్పుడు నడు,” అనేది. బజారు చివరిదాకా నన్ను నడిపించేది. ఎండలోంచి ఓసారి, నీడలోంచి ఓసారి. చాయ్ కొట్టు దగ్గర బెంచీ మీద కూచుని నేను చాయ్ తాగేదాకా ఆగి, అప్పుడు నా చెయ్యి పట్టుకుని ముక్కుకి ఆనించుకునేది. నడిబజారులో! మొదట్లో నాకు సిగ్గుతో చెవులు ఎర్రబడిపోయేవి. రిక్షావాళ్లు చూసి కిసుక్కున నవ్వేవారు. దానికేటి, దాని లోకంలో అది ఉండేది. కళ్లు మూసుకుని, “మొదట నిమ్మకాయ, ఇప్పుడు పోయింది. కింద ఏదో ఉంది బావా, ఎండుగడ్డి లాంటిది... ఇది మంచిది, నిలకడ మడిసి,” అని తీర్పు చెప్పేది. ఇంకో చెయ్యి చూసి, “ఇదేటీ, మాట మీద నిలబడనోడు, అప్పుడే పారిపోయినాడు,” అనేది. దాదా ఆ తీర్పులు వినడానికి కొట్లోంచి తల బయటికి పెట్టుకుని ఎదురుచూసేవాడు. “బౌదీ ఏటన్నారు? వదినగారి మాటేటి?” అని నన్ను అడిగేవాడు, హైకోర్టు తీర్పు అడిగినట్టు.

కొన్నాక పూసేది కూడా అదే. మెడకి ఇటొకటి అటొకటి, చొక్కా వేసుకోకముందే. గుడ్డ మీద పడితే మరక అవుద్ది, ఒంటి మీద పడితే ఒంటి వేడికి విచ్చుకుంటాది అనేది. ఎండాకాలం నిమ్మా వట్టివేరూ, చలికాలం గంధమూ తోలూ, వానాకాలం లవెండరు. నాకు మాత్రం మెడ మీద చల్లగా తగలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా వీధిలోకెళ్తే నలుగురూ దగ్గరకొచ్చి నిలబడేవారు. “దాదా, కీ మేఖేఛేన్? ఏం పూసుకున్నారు?” అని బెంగాలీ ఆఫీసర్లు కూడా అడిగేవారు. నా ఛాతీ ఉప్పొంగిపోయేది. అద్దం లేకుండా అందగాడినైనట్టుండేది నాకు.

తర్వాత రిటైరయినాను. ఆ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

థిన్నరు మానీసిన కొన్నాళ్లకి ఒక పొద్దున చాయ్ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. ఏదో చురుక్కుమంది ముక్కులో. ఏటిదీ అని చుట్టూ చూసినాను. చాయ్‌వాడు రాయి మీద అల్లం దంచుతున్నాడు. అల్లం! ఓలమ్మో, అల్లం వాసన! గ్లాసు బెంచీ మీద ఒగ్గీసి, ఆ దంచిన అల్లం చేతిలోకి తీసుకుని పీల్చినాను. చాయ్‌వాడు నాకు మతి పోయిందనుకున్నాడు. పోయింది నిజంగానే. ఆ రోజు సైకిలేసుకుని ఊరంతా తిరిగినాను. గోల్‌బజారులో కొత్త గుడ్డల గంజి వాసన, మరమరాలు వేయించే మూకుట్లో వేడి ఇసక వాసన, ఆవనూనె, ఎండుచేపలు. ఎండుచేపల ముందు నిలబడి ఆనందంతో కళ్లు తుడుచుకున్నవాణ్ణి ఈ ఊళ్లో నన్నొక్కణ్ణే చూసుంటారు!

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బీరువా తీసినాను. మా ఇంటిది ఏళ్ల తరబడి ఎంచిన సీసాలు, ఖాళీవీ సగం ఉన్నవీ, ఒక్కటీ పారెయ్యకుండా వరసగా పెట్టుకున్నాం. ఒక్కొక్క మూతా తీసి పీల్చినాను. లవెండరు తీస్తే మా నాన్న చెవి వెనకాల దూది. గంధం తీస్తే గుండె లోపలికి ఎవరో చలికాలం ఎండ పోసినట్టయింది. వట్టివేరు తీస్తే నీళ్లు చల్లిన చాప. ఇన్నేళ్లూ జనం నా దగ్గరకొచ్చి ఎందుకు నిలబడేవారో ఆ రోజు తెలిసింది నాకు.

“ఏటే,” అన్నాను, “ఇన్నేళ్లూ నాను ఇలాగా వాసనొచ్చినాను?”

అది వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “మరేటనుకున్నావు? నా మొగుడికి నాను సెడ్డది కొంతానా?” అంది. అని సిగ్గుపడి మళ్లీ లోపలికెళ్లిపోయింది. నాకైతే దాన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపించింది!

ఇంక ఇద్దరం కలిసి బజారుకెళ్లి, ఇద్దరం పీల్చి, ఇద్దరం దెబ్బలాడుకుని కొనొచ్చు. ఎన్ని ఊహించుకున్నానో. ఈసారి నేనూ తీర్పు చెప్తాను, దాదా మా ఇద్దరి మధ్యా పడి నలిగిపోతాడు అనుకున్నాను.

అంతలో దానికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరం, జలుబు, ఊళ్లో అందరికీ వచ్చినదే. వారం తిరక్కుండా లేచి తిరిగింది. లేచిన రెండోరోజు వంటింట్లోంచి మాడు వాసన. నేను పరిగెత్తుకెళ్లినాను. పప్పు గిన్నె అడుగంటి పొగలొస్తోంది, అది పక్కనే అటు తిరిగి పీట మీద కూచుని తాపీగా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను గబుక్కున గిన్నె దించితే తలెత్తి చూసింది. పొగ కేసి చూసింది. నా మొహం కేసి చూసింది.

“బావా,” అంది, “నాకు తెలవనేదు.”

ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం నలిపి పెట్టుకుంది. ఆఖరికి బీరువా దగ్గరకెళ్లి, తనకి అన్నిటికన్నా ఇష్టమైన గంధం సీసా మూత తీసి చాలాసేపు పీల్చింది. మూత పెట్టీసి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ముక్కే కదా, కన్ను పోలేదు, కాలు పోలేదు అన్నారు చుట్టుపక్కల వాళ్లు. ఆ మాట అన్నవాళ్లని తన్నాలనిపించింది నాకు. నాకు తెలుసు కదా ముక్కు లేని బతుకంటే! నాది ఏళ్ల మీద మెల్లిగా పోయింది కాబట్టి నేను గమనించుకోలేదు. దానిది ఒక్క వారంలో పోయింది. పైగా నా ముక్కు వట్టి ముక్కు. దాని ముక్కు దాని చదువు, దాని ఉద్యోగం, దాని గొప్ప. పచ్చడి జాడీ మూత తీసి ఉప్పు చాలిందో లేదో చెప్పేది. బియ్యం చేతిలోకి తీసుకుని కొత్తవో పాతవో చెప్పేది. క్వార్టర్లలో ఆడవాళ్లు దాని దగ్గరకి నెయ్యి పట్టుకొచ్చి చూపించుకునేవారు. అలాంటిది, అన్నానికి కూచుని నాలుగు ముద్దలు తిని లేచిపోయేది. “గడ్డి తిన్నట్టున్నాది,” అనేది. బజారుకి రమ్మంటే వచ్చేది కాదు. నేను సెంటు పూసుకోబోతే, “ఎవులికోసమూ?” అనేది. అంతే, ఆ ఒక్క మాట. నేను సీసా లోపల పెట్టీసేవాణ్ణి.

డాక్టరమ్మకి చూపించినాను. ఆవిడ తిన్నగా చెప్పింది: రావచ్చు, రాకపోనూ వచ్చు. మందు లేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ నాలుగైదు రకాల వాసనలు చూడాలి, పీలుస్తున్నప్పుడు ఆ వాసన ఎలాగుండేదో మనసులో గుర్తు తెచ్చుకోవాలి, ముక్కుకి మళ్లీ బడి పెట్టినట్టన్నమాట. ఓపిక ఉండాలి అంది.

బడి అన్న మాట వినగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చేసింది! వాసనలకేటి కొదవ మా ఇంట్లో? బీరువా నిండా ఉన్నాయి! టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి ఇంటికొస్తున్నంతసేపూ ఒకటే వాగుడు నేను. పొద్దున నిమ్మ కొలోను, లవెండరు, సాయంత్రం వట్టివేరు, గంధం, ఆదివారం తోలు. అది తల వంచుకుని కూచుంది. టోటో నడిపే ఆయన మాత్రం వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూస్తున్నాడు.

లవెండరు సీసాలో అడుగున చుక్క కూడా లేదు. కొత్తది కొనాలి. మాట ఇచ్చినాను కదా ఒక్కణ్ణీ కొననని, కానీ ఇప్పుడు ఇంట్లో పనిచేసే ముక్కు నాదొక్కటే. వెళ్లినాను. తలకి నూనె రాయలేదు, వట్టినీళ్లతో స్నానం, ఉతికిన బనీను, అంతా దాని పద్ధతే. దాదా వరసగా సీసాలు దింపినాడు. ఓర్నాయనో, ఎన్ని రకాల లవెండర్లో! ఒకటి సబ్బులాగుంది, ఒకటి మందుల షాపులాగుంది, ఒకటి ముందు బాగుండి తర్వాత పంచదార పాకంలోకి దిగిపోయింది. చేతి మీద కొట్టించుకుని బజారు చివరిదాకా నడిచినాను, ఎండలోంచీ నీడలోంచీ. చాయ్ తాగినాను. మణికట్టు ముక్కుకి ఆనించుకున్నాను. చల్లటి పువ్వు పైన, కింద తడిసిన చెట్టు బెరడు, అంతకింద ఎక్కడో గడ్డం గీసిన చెంప. అదే! చాయ్ బెంచీ మీదే గట్టిగా “అదే!” అని అరిచీసినాను. జీవితంలో మొదటిసారి నా ముక్కుతో నేను ఎంచిన సెంటు. పరిగెత్తుకుని ఇంటికెళ్లి దానికి చూపించాలని పరిగెత్తినాను, సగం దారిలో గుర్తొచ్చింది. నడకలోకి దిగిపోయినాను.

అలా బడి మొదలైంది. ఒక్కటే పద్ధతి: సీసాలో ఉంటే వాసన చచ్చిపోతుంది, మడిసి మీదుంటే బతుకుతుంది అని అదే అనేది కదా. అందుకని నేనే పూసుకుని దాని ముందు కూచునేవాణ్ణి. అది వంగి నా మెడ దగ్గర పీల్చేది. నేను చెప్పేవాణ్ణి, “ఇది వట్టివేరు. వేసవిలో తడిపిన తడికలు గుర్తు తెచ్చుకో.”

“తడికలు కాదు,” అనేది విసుగ్గా. “వట్టివేరంటే కొత్తకుండలో నీళ్లు. నీకేటి తెలుసు, మొన్న పుట్టిన ముక్కు నీది.”

“పోనీ లవెండరు. మంగలి షాపు.”

“మంగలి షాపేటి బావా, దాంట్లో పటిక కూడా ఉంటాది. లవెండరంటే ఆ పటిక తీసీస్తే మిగిలినది.”

వాసన రాకపోయినా దాని జ్ఞాపకం మాత్రం ఎక్కడికీ పోలేదు! నేను తప్పు చెప్పినప్పుడల్లా దిద్దేది. నాకు అది మహా ఆనందం, కావాలని తప్పులు చెప్పేవాణ్ణి. తోలుని గోనెసంచి అనేవాణ్ణి, దానికి కోపమొచ్చేది, కోపంలో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేది. అలా చలికాలం వెళ్లింది. ఎండాకాలం వచ్చింది. మెడ దగ్గర వంగేది, పీల్చేది, తల అడ్డంగా ఊపేది. రోజూ అదే.

ఒకరోజు దాని ఓపిక తెగిపోయింది. నేను గంధం పూసుకుని కూచుని, “ఇదిగో నీకిష్టమైనది,” అన్నాను. అది పీల్చలేదు. సీసా నా చేతిలోంచి లాక్కుని మంచం మీదికి విసిరీసింది.

“నన్నొగ్గీ బావా! గోడకి ముక్కెట్టినట్టున్నాది నాకు. నీ మీద గంధముందో గడ్డుందో నాకేటి తెలుసు? నువ్వు నా పక్కన తొంగున్నా నా పక్కన ఎవులూ లేనట్టే ఉన్నాది. తెలుసా నీకు? ఎవులూ లేనట్టే ఉన్నాది!”

నాకూ కోపమొచ్చీసింది. దాని మీద కాదు. ఎవరి మీదో తెలీని కోపం. “ఇన్నేళ్లూ నువ్వెంచి పెట్టినవి నాకు తెలవకపోయినా పూసుకోనేదా నాను? ఒక్కరోజైనా వద్దన్నానా?” అని అరిచినాను. “నువ్వు పీలుస్తావా, చస్తావా!” అనీసి బయటికొచ్చీసినాను. వీధిలో నాలుగడుగులేసేసరికి ఆ మాటకి నాకే సిగ్గేసింది. వెనక్కొచ్చి చూస్తే మంచం మీది సీసా తీసి బీరువాలో పెడుతోంది. సాయంత్రం నేను పిలవకుండానే వచ్చి నా ముందు కూచుంది. “ఊఁ, పుయ్యి,” అంది.

వానలు పడ్డాయి. ఇంటి వెనక నాచు పట్టింది. బడి మానలేదు గానీ నాకూ లోపల ఆశ సన్నగిల్లింది, దానికి తెలియకూడదని మరింత హుషారుగా వాగేవాణ్ణి.

ఆ పొద్దున నేనేమీ ప్రత్యేకంగా చెయ్యలేదు. స్నానం చేసి గంధం సెంటు మెడకి ఇటొకటి అటొకటి కొట్టుకుని వంటింట్లోకెళ్లినాను. అది కత్తిపీట ముందు కూచుని మునగకాడలు తరుగుతోంది. చేతులు ఖాళీ లేవు కదా అని నేనే దాని దగ్గరికి వంగి, “ఇదిగో, కానీ,” అన్నాను. అలవాటుగా మెడ దగ్గరకి మొహం తెచ్చి పీల్చింది.

పీల్చి ఒక్కసారి వెనక్కి తూలింది!

“ఛీ! ఛీఛీ! ఏటిది బావా, ఏటీ కంపు! అవతలికెళ్లు! ఏటి పూసుకొచ్చినావు, ఎలకేదైనా సచ్చిందా నీ మీద?”

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మొహం వికారంగా అయిపోయింది. నేను అలాగే వంగి ఉండిపోయినాను.

“ఏటన్నావు?” అన్నాను.

“కుల్లిపోయిన కంపు! ఉల్లిపాయలూ, మాడిన రబ్బరూ... అవతలికెళ్లమంతన్నానా!”

“మళ్లీ సెప్పు!”

“ఏటి సెప్పేది, వాంతొస్తంది నాకు, దూరంగా నిలబడూ!”

“కంపు కొడతన్నానా నాను?”

“కొడతన్నావు! బోల్డు కొడతన్నావు!”

ఆ మాట అని, అన్న నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. చేతిలో మునగకాడ కింద పడింది. నేను ఎగిరినాను! ఈ వయసులో, ఆ చిన్న వంటింట్లో, తల పైనున్న డబ్బాల అరకి తగిలి డబ్బాలు దొర్లిపోయేలాగ ఎగిరినాను. “కంపు కొడతన్నానే! నాను కంపు కొడతన్నాను!” అని అరిచినాను. పక్కింటావిడ గోడ అవతల్నుంచి ఏమైందేమైందని కేకలు. “ఏమీ కాలేదు దీదీ, మా ఇంటిదానికి నేను కంపు కొడుతున్నాను!” అన్నాను. ఆవిడ ఏమనుకుందో నాకు పట్టలేదు.

బీరువాలో సీసాలన్నీ తెచ్చి వరసగా మూతలు తీసినాను. నిమ్మ తీస్తే కిరసనాయిలంది. వట్టివేరు మురిక్కాలవంది. నేను ఎంచిన లవెండరు, బజారంతా నడిచి చాయ్ తాగి తెచ్చిన నా లవెండరు, “కుల్లిన కోడిగుడ్డు బావా!” అంది. అంటూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది, మళ్లీ సీసా తీసి ముక్కుకి పెట్టుకుని ఛీ అంటోంది. ఒక్కొక్క తిట్టుకీ నాకు పరమాన్నం తిన్నట్టుంది. దాని ఇంగువ డబ్బా తెచ్చి పెట్టినాను. “ఇంగువ కంపు ఇంగువ కంపులాగే ఉందా?” అంటే, “దానికన్నా అద్దాన్నంగా ఉంది,” అంది. డాక్టరమ్మకి ఫోను చేసి చెప్తే ఆవిడ కూడా సంతోషపడింది. తెగిన తీగలు మళ్లీ అతుక్కునేటప్పుడు ముందు ఇలా వంకరటింకరగా వస్తుందట. ఎన్నాళ్లో తెలీదు, తిన్నగా అవుతుందనీ కచ్చితంగా చెప్పలేం, కానీ ముక్కు పని మొదలెట్టింది అంది.

“ఇంక సాలు బావా,” అంది మా ఇంటిది, కళ్లు తుడుచుకుని. “కడుక్కురా. కడుపులో తిప్పెస్తంది నిజంగా.”

పరిగెత్తినాను పెరట్లోకి. సబ్బు రాసుకుంటే కిటికీలోంచి, “సబ్బొద్దు, అది మరీ సెడ్డగున్నాది!” అని కేక. సబ్బు పక్కన పడేసినాను. శెనగపిండి కూడా వద్దంది. ఉత్తనీళ్లే, బాల్చీ మీద బాల్చీ పోసుకున్నాను. మెడ ఎర్రగా కందేలాగ రుద్దుకున్నాను. జీవితమంతా మంచి వాసన రావాలని తాపత్రయపడ్డవాణ్ణి, ఏ వాసనా లేకుండా ఉండాలని అంత ఇష్టంగా ఒళ్లు కడుక్కున్నది ఆ రోజే.

తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి రాబోతే, అది తలుపు దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. “అక్కడే ఉండు,” అంది. గాలి నా వైపు నుంచి దాని వైపు వీస్తోంది. కొంగు ముక్కు మీంచి మెల్లిగా తీసింది. కళ్లు మూసుకుంది. పీల్చింది. మొహం చిట్లించుకుంది, అయినా మళ్లీ పీల్చింది.

“ఇంకా వస్తందా?” అన్నాను.

“వస్తన్నావు బావా,” అంది. “కంపుగానే వస్తన్నావు. కదలకు.”

నేను కదల్లేదు. ఒంటి మీద నీళ్లు ఆరిపోయేదాకా, అది చాలనేదాకా, ఆ పెరట్లో అలాగే నిలబడ్డాను.